ఆసుపత్రి రాయని బిల్లు

బిడ్డకు పెద్ద జబ్బు చేసిన ఇంటికి రెండు బిల్లులు వస్తాయి. ఒకదానిని ఆసుపత్రి రాసి, ముద్ర వేసి చేతికిస్తుంది. రెండవదానిని ఎవరూ రాయరు. అందులో పోయిన కూలి రోజులుంటాయి, బస్సు చార్జీలుంటాయి, ఆసుపత్రి ఎదుట హోటల్లో తిన్న భోజనాలుంటాయి, తమ్ముడికి తోడుండడానికి బడి మానిన అక్క ఉంటుంది, తాకట్టుకు వెళ్ళిన గాజులుంటాయి, నెల తిరిగేసరికి గడప తొక్కే వడ్డీ ఉంటుంది. మొదటి బిల్లు తీరిపోయిన ఇళ్ళు కూడా ఈ రెండవ బిల్లు బరువుకు కుంగిపోవడం గోదావరి తీరంలో మనం చూస్తూనే ఉన్నాం. ఈ నెల మేము పాఠకుల ముందుంచదలచినది ఆ రెండవ బిల్లు సంగతి.

మొదటి బిల్లు విషయంలో మన రాష్ట్రం కొంత దూరం నడిచిందని ముందుగా ఒప్పుకోవాలి. ఒకప్పుడు గుండెలో రంధ్రంతో పుట్టిన పేద బిడ్డకు ముఖ్యమంత్రి సహాయనిధి తప్ప వేరే దిక్కు ఉండేది కాదు. ఆ నిధి నుంచి పిల్లల గుండె ఆపరేషన్లకు సాయం అందించిన అనుభవం నుంచే 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. తొలి విడతలో మూడు జిల్లాలకే పరిమితమైన ఆ పథకం అదే ఏడాది డిసెంబరులో ఉభయ గోదావరి జిల్లాలకు చేరింది. ప్రభుత్వాలతో పాటు పథకం పేరు కూడా మారుతూ వచ్చింది. ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. మొదట్లో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే మరో 50 వేలుగా ఉన్న పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షల రూపాయలకు పెంచారు. కాకినాడలో 1958లో ఆరంభమైన రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన పెద్దాసుపత్రికి తోడు, 2023లో రాజమహేంద్రవరంలోను, ఏలూరులోను ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. ఇవన్నీ మేలు మాటలే. వీటివల్ల బ్రతికిన పిల్లలు మన వీధుల్లోనే ఆడుకుంటున్నారు.

అయినా, కార్డు చేతిలో ఉన్న కుటుంబం అప్పులో పడడం ఆగలేదు. కారణమేమిటో ఒక లెక్క వేసి చూద్దాం.

లెక్క

ప్రతి వెయ్యి మంది శిశువులలో సుమారు ఎనిమిది, తొమ్మిది మంది ఏదో ఒక గుండె లోపంతో పుడతారని వైద్యులు చెబుతారు. వారందరికీ శస్త్రచికిత్స అవసరం రాదు. అవసరమైన వారిలో ఒక బిడ్డ అమలాపురం సమీపంలోని లంక గ్రామంలో ఉన్నాడనుకుందాం. తండ్రి రోజుకు 600 రూపాయల కూలి మనిషి. బిడ్డకు విశాఖపట్నంలో ఆపరేషన్ చేయాలన్నారు. ఆపరేషన్ ఖర్చు మొత్తం పథకమే భరిస్తుంది. ఇది లెక్క కోసం మేము అల్లుకున్న కుటుంబమే గాని, ఇందులోని అంకెలు ఏ ఇంటికైనా దాదాపుగా సరిపోతాయి.

పరీక్షలు, అనుమతి, ఆపరేషన్, కోలుకోవడం, తరువాతి తనిఖీలు అన్నీ కలిపి తండ్రి 40 రోజులు పనికి వెళ్ళలేదు. పోయిన కూలి 24,000 రూపాయలు. తల్లిదండ్రులిద్దరూ ఆరుసార్లు వెళ్ళి వచ్చారు. సారికి 1,500 చొప్పున 9,000 రూపాయలు. నియమం ప్రకారం రోగి భోజనం ప్యాకేజీలోనే ఉంటుంది. తోడు వచ్చినవారి తిండి, బస మాత్రం వారివే. 20 రోజులకు రోజుకు 400 చొప్పున 8,000 రూపాయలు. జబ్బు ఏమిటో తేలేలోపు, అంటే కార్డు పని మొదలుపెట్టేలోపు, ఊళ్ళోనూ పట్టణంలోనూ చేయించిన పరీక్షలకు 5,000 రూపాయలు. ఇంటికి వచ్చాక వాడిన మందులకు, బలవర్ధకమైన ఆహారానికి 4,000 రూపాయలు. మొత్తం 50,000 రూపాయలు.

ఆసుపత్రి కాగితం మీద ఈ కుటుంబం కట్టినది సున్నా. దీనిని ఉచిత వైద్యమంటాం. ఆ మాటలో అబద్ధం లేదు. కాని ఆ 50,000 రూపాయలను ఆ ఇల్లు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. నెలకు 1,500 వడ్డీ. ఏడాదికి 18,000. మూడేళ్ళకు వడ్డీయే 54,000 అవుతుంది. తెచ్చిన 50,000 అలాగే నిలిచి ఉంటుంది. ప్రతి నెలా రెండున్నర రోజుల కూలి బిడ్డ అన్నంలోకి గాక అప్పిచ్చినవాని సంచిలోకి పోతుంది. ఆపరేషన్ అయిన బిడ్డకు పాలు, గుడ్లు పెట్టమని వైద్యుడు రాసిన చీటీ ఒక మేకుకు వేలాడుతూ ఉంటుంది. వాటికి పెట్టవలసిన సొమ్ము వడ్డీకి పోతుంది.

గుండె ఆపరేషన్ ఒక్కసారితో ముగుస్తుంది. తలసీమియా అలా ముగియదు. ఆ వ్యాధి తీవ్రరూపంలో ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, శరీరంలో పేరుకొనే ఇనుమును తొలగించే మందు వాడాలి. రక్తం ఉచితంగా దొరికినా, ఎక్కించిన ప్రతిసారీ ఒక రోజు కూలి, ఒక రోజు బడి పోతాయి. మన రాష్ట్రంలో ఇటువంటి రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉన్నది. ఎముక మజ్జ మార్పిడికి కోల్ ఇండియా సంస్థ 2017 నుంచి 10 లక్షల రూపాయల వరకు సాయపడుతున్నది. ఈ రెండూ తెలియక ఏళ్ళు గడిపే కుటుంబాలున్నాయి.

తల్లి లెక్క

పై లెక్కలో తల్లి శ్రమను చేర్చలేదని పాఠకులు గమనించే ఉంటారు. దానిని ఎవరూ చేర్చరు. నరసాపురం ప్రాంతంలో ఇంటి అరుగు మీద కూర్చుని లేసు అల్లే స్త్రీల గురించి జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, అల్లిన స్త్రీని మాత్రం తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణిగానే లెక్కగట్టారన్నది ఆమె చూపిన విషయం. లేసు అల్లినా, మిషను కుట్టినా, కోళ్ళు పెంచినా, నాట్లకు వెళ్ళినా, తల్లి ఆదాయం అటువంటిదే. బిడ్డ జబ్బుపడిన నాడు మొదట ఆగిపోయేది అదే. ఏ కాగితంలోనూ అది నష్టంగా నమోదు కాదు.

గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు, మస్కట్‌కు ఇంటిపనికి వెళ్ళే స్త్రీలు ఎందరో అందరికీ తెలిసినదే. వారిని విమానం ఎక్కించే కారణాలలో వైద్యానికి చేసిన అప్పు ఒకటి. బిడ్డను బ్రతికించుకోవడానికి చేసిన అప్పు తీర్చడానికి తల్లి పరాయి దేశంలో పరాయివారి బిడ్డలకు అన్నం తినిపిస్తూ ఉంటుంది. ఆమె బిడ్డ అమ్మను ఫోనులో చూస్తూ పెరుగుతాడు. రెండవ బిల్లు ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

పూర్వులు చూసిన చూపు

చికిత్స ఇస్తే చాలదు, కోలుకొనే రోజులకు కూడు కూడా ఇవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. ఈజిప్టు రాజధాని ఖాహిరా నగరంలో 1284లో సుల్తాన్ ఖలావూన్ ఒక మహా వైద్యశాలను కట్టించి, దాని పోషణకు ఆస్తులు వక్ఫ్ చేశారు. ధనికుడని, పేదవాడని భేదం లేకుండా, పూర్తిగా కోలుకొనే వరకు రోగిని ఉంచుకోవాలని, ఖర్చు వైద్యశాలదేనని ఆ వక్ఫ్ ఏర్పాటు. ఇంటికి వెళ్ళే పేద రోగికి, వెంటనే పనిలోకి దిగనవసరం లేకుండా కొంత సొమ్ము, బట్టలు ఇచ్చి పంపేవారని చరిత్ర చెబుతుంది. ఏడు వందల ఏళ్ళ క్రితం వారు రెండవ బిల్లును చూడగలిగారు.

మన రాష్ట్రం కూడా ఒక దశలో దానిని గుర్తించింది. ఆపరేషన్ అయిన రోగికి విశ్రాంతి కాలంలో రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 రూపాయల వరకు ఇచ్చే ఆరోగ్య ఆసరా పథకం 2019 డిసెంబరులో ఆరంభమైంది. ప్రభుత్వమే ఒకసారి ఒప్పుకున్న ఈ అవసరం ఎవరు అధికారంలో ఉన్నా కొనసాగవలసినది. అయితే ప్రభుత్వ సొమ్ము చేరేలోపు గడిచే రోజులు ఉంటాయి. ఆ రోజులలో వడ్డీ వ్యాపారి కంటే ముందుగా ఆ గడప తొక్కవలసినవారు ఎవరన్నదే మన ముందున్న ప్రశ్న.

ప్లకార్డు పట్టనివారు

2022 జూలైలో గోదావరి వరదల తరువాత అప్పటి ముఖ్యమంత్రి కోనసీమ గ్రామాలను చూడడానికి వచ్చారు. గాచర్ అనే అరుదైన జన్యువ్యాధితో బాధపడుతున్న ఒక పసిపాప తల్లిదండ్రులు దారిలో ప్లకార్డు పట్టుకొని నిలబడ్డారు. శరీరంలో ఒక ఎంజైము లోపించి, కాలేయంలోను, ప్లీహంలోను, ఎముకలలోను కొవ్వు పదార్థం పేరుకుపోయే వ్యాధి అది. లోపించిన ఎంజైమును క్రమం తప్పక ఎక్కిస్తూ ఉండాలి. సామాన్యుడు కలలోనైనా కొనలేని మందు అది. ముఖ్యమంత్రి ఆగారు, వారి మాట విన్నారు. ప్రభుత్వం చికిత్సకు సొమ్ము మంజూరు చేసింది. కొన్ని నెలలలోనే అమలాపురంలో ఆ పాపకు ఇంజెక్షన్లు మొదలయ్యాయి.

సంతోషించదగిన సంగతి ఇది. ఆ తల్లిదండ్రుల తెగువను మేము అభినందిస్తున్నాము. కాని ఆ రోజు ఆ దారిలో నిలబడలేకపోయినవారి సంగతేమిటి? ప్లకార్డు మీద ఏమి రాయాలో తెలియనివారు, రాయడానికి అభిమానం అడ్డువచ్చినవారు, ఏ నాయకుని వాహనమూ రాని వీధిలో ఉన్నవారు ఎందరు?

దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 273వ వచనంలో సరిగ్గా ఇటువంటివారి ప్రస్తావన ఉన్నది. వారు పట్టుబట్టి జనాన్ని అడగరు. వారి నిగ్రహాన్ని చూసి తెలియనివాడు కలిగినవారనుకుంటాడు. వారి ముఖాలను బట్టే వారిని గుర్తుపట్టాలి. ఆ వచన భావం ఇది. అడగడం వారి పని కాదు, గుర్తించడం మన పని అని దీనివలన బోధపడుతుంది. జుమా నమాజులో మూడు వారాలుగా కనిపించని ముఖం, పండుగకు కొత్త బట్టలు కుట్టించుకోని ఇల్లు, పిల్లవాడు బడికి రావడం లేదని ఉపాధ్యాయుడు చెప్పిన మాట, ఎప్పుడూ లేనిది మాంసం దుకాణంలో అరువు అడిగిన మనిషి. ఆనవాళ్ళు ఇంత మామూలుగానే ఉంటాయి.

మొహల్లా చేయగలిగినది

జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలను ఖుర్ఆన్ తౌబా సూరా 60వ వచనం పేర్కొన్నది. నిరుపేదలు, అక్కరగలవారు, రుణగ్రస్తులు, బాటసారులు అందులో ఉన్నారు. బిడ్డను తీసుకొని ఊరుకాని ఊరిలో ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న తండ్రి ఒకేసారి ఈ వర్గాలలో రెండు మూడింటికి చెందవచ్చు. జకాత్‌ను రంజాన్ నెలలో తీసి పంచడం మనకు అలవాటు. జబ్బు రంజాన్ కోసం ఆగదు. సంవత్సరం నిండకముందే జకాత్‌ను ముందుగా చెల్లించవచ్చునన్నది ధర్మవేత్తలలో అత్యధికుల అభిప్రాయం. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం జకాత్ సొమ్ము అర్హుని యాజమాన్యంలోకి చేరాలి. కనుక దానిని తల్లిదండ్రుల చేతికే ఇవ్వడం మేలు. ఏది అవసరమో వారికి తెలిసినంతగా మనకు తెలియదు. వివరాలకు స్థానిక ఆలిములను సంప్రదించవచ్చు.

జకాత్‌కు అర్హులు కాని ఇళ్ళు కూడా ఉంటాయి. చిన్న దుకాణమో, అరెకరం కొబ్బరితోటో ఉన్న ఇల్లు దానం పుచ్చుకోవడానికి ఒప్పుకోదు. అటువంటివారికి కావలసినది వడ్డీ లేని అప్పు, ఖర్జె హసనా. ఒక మస్జిద్ పరిధిలో 50 ఇళ్ళు నెలకు నూరు రూపాయలు చొప్పున ఒక నిధిలో వేస్తే నెలకు 5,000, ఏడాదికి 60,000 రూపాయలు జమ అవుతాయి. పైన వేసిన లెక్కలోని కుటుంబానికి కావలసింది 50,000. నూరు రూపాయలంటే నేడు ఇంటిల్లిపాది ఒక పూట తినే పలహారం ఖరీదు. తీసుకున్నవారు నెలకు వెయ్యి చొప్పున తిరిగి కట్టినా 50 నెలలలో అప్పు తీరుతుంది. అదే కాలంలో వడ్డీ వ్యాపారికి 75,000 రూపాయలు వడ్డీ కట్టి, అసలు కింద ఒక్క రూపాయీ తీర్చలేని స్థితి ఉండేది. నిధికి ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులు, ఒక పుస్తకం, మూడు నెలలకొకసారి లెక్క చదివి వినిపించడం, తీసుకున్నవారి పేరు మాత్రం బయటపెట్టకపోవడం. ఈ నాలుగూ ఉంటే నిధి నిలుస్తుంది. తీర్చలేని స్థితిలో ఉన్నవానికి గడువు ఇవ్వమని, వదిలేస్తే అది మరీ మేలని ఖుర్ఆన్ బోధ. ఆ బోధకు కూడా పుస్తకంలో ఒక గడి ఉండాలి.

డెల్టా పల్లెలలో మన ఇంటి గోడ అవతల ఉండేది తరచుగా ముస్లిమేతర సోదరుని ఇల్లు. జబ్బు గోడ చూసుకొని ఆగదు. సదఖాకు, అప్పుకు, ఆసుపత్రిలో తోడు పడుకోవడానికి, రక్తం ఇవ్వడానికి మతం అడ్డుకాదు. పొరుగువాని హక్కు గురించి దైవప్రవక్త (స) ఎంతగా నొక్కి చెప్పారో పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు.

సొమ్ము ఒక్కటే సాయం కాదు. మిగిలిన పిల్లలకు పది రోజులు అన్నం పెట్టడం, వారిని బడికి దింపడం, తండ్రి ఆటోను మరొకరు నడిపి ఆ రాబడి ఇంటికి చేర్చడం, కాగితాలు నింపగలిగిన కుర్రవాడు ఒకడు వెంట వెళ్ళడం, ఇవన్నీ రెండవ బిల్లులో నుంచి పద్దులు కొట్టివేయడమే.

తల్లిదండ్రులతో నాలుగు మాటలు

మొదటిది, ఆలస్యం చేయకండి. వ్యాధి ఉన్నచోట ఔషధం కూడా ఉన్నదని, వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. 2013లో మొదలైన జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలలో ఒకసారి పిల్లలను పరీక్షించాలి. గుండె లోపం, గ్రహణమొర్రి, వంకర పాదాలు వంటివి అక్కడే బయటపడతాయి. ఆ రోజు బిడ్డను తప్పక పంపండి. జబ్బు ఎంత ముందుగా తేలితే కార్డు పనిచేయకముందు అయ్యే ఖర్చు అంత తగ్గుతుంది.

రెండవది, ప్రైవేటు ఆసుపత్రిలో సొమ్ము కట్టేముందు, ఆ జబ్బు పథకంలో ఉన్నదా, ఆ ఆసుపత్రి పథకం జాబితాలో ఉన్నదా అని అడగండి. 104 నంబరుకు ఫోను చేయవచ్చు. జాబితాలోని ఆసుపత్రులలో వైద్యమిత్రలు ఉంటారు. పథకంలో లేని చికిత్సకు ముఖ్యమంత్రి సహాయనిధి ఉన్నది. దానికి అసలు బిల్లులు కావాలి, కనుక ఒక్క కాగితాన్ని కూడా పారవేయకండి.

మూడవది, అరుదైన వ్యాధి అని తేలితే నిరాశపడకండి. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద అర్హమైన వ్యాధులకు 50 లక్షల రూపాయల వరకు సాయం అందే ఏర్పాటు 2022లో జరిగింది. దానికి గుర్తించిన కేంద్రాలలో హైదరాబాదులోని నిమ్స్ ఒకటి.

నాలుగవది, మీ హక్కులు తెలుసుకోండి. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం ప్రకారం పద్దుల వారీగా బిల్లు అడగవచ్చు, రికార్డుల నకళ్ళు అడగవచ్చు. బిల్లు వివాదం పేరు చెప్పి రోగిని గాని, మృతదేహాన్ని గాని ఆపరాదని కూడా అందులో ఉన్నది.

ఇచ్చే చేతికి ఒక మాట

నేడు సాయం కోరే ప్రకటనలు ఫోనులో తిరుగుతున్నాయి. వాటివల్ల మేలు జరుగుతున్న మాట నిజం. కాని ముక్కులో గొట్టంతో ఉన్న పసివాని ముఖం ఊరూరా తిరగనక్కరలేదు. రేపు ఆ బిడ్డ కోలుకొని బడికి వెళ్ళినప్పుడు ఆ ఫోటో వాని వెంట రాకూడదు. వైద్యుని అంచనా కాగితం, కావలసిన మొత్తం, పూచీ పడే పెద్దమనిషి ఒకరు ఉంటే చాలు. మొత్తం సమకూరిన నాడు ఆ సంగతి చెప్పి ప్రకటన ఆపివేయాలి. ఇచ్చినదాన్ని ఎత్తిపొడిచి, మనసు నొప్పించి దానధర్మాల పుణ్యాన్ని పోగొట్టుకోవద్దని ఖుర్ఆన్ హెచ్చరించింది. చెక్కు అందిస్తూ ఆసుపత్రి మంచం పక్కన ఫోటో దిగే ముందు ఈ హెచ్చరికను ఒకసారి తలచుకుంటే బాగుంటుంది.

చివరిగా, చెప్పడానికి కష్టమైన మాట ఒకటున్నది. చికిత్స అందిన బిడ్డలందరూ బ్రతకరు. దైవప్రవక్త (స) తమ పసికుమారుడు ఇబ్రాహీంను తమ ఒడిలోనే కోల్పోయారు. ఆయన కళ్ళు చెమర్చాయి, మనసు దుఃఖించింది, నోట మాత్రం ప్రభువుకు ఇష్టం కాని మాట రాలేదు. బిడ్డను ఖబరస్తాన్‌లో పడుకోబెట్టి వచ్చిన ఇంటికి మనం మూడు రోజులు వెళతాం, వండి పంపుతాం, దుఆ చేస్తాం. నాలుగవ రోజు నుంచి ఎవరూ వెళ్ళరు. నెల తిరిగేసరికి అప్పులవాడు వస్తాడు. లేని బిడ్డ కోసం చేసిన అప్పుకు వడ్డీ కట్టడం కంటే బరువైనది తల్లిదండ్రులకు లేదు. పరామర్శకు వెళ్ళిన పెద్దలలో ఒకరైనా, ఏకాంతంలో, ఆ తండ్రిని పక్కకు తీసుకువెళ్ళి, "భాయ్, అప్పు ఎంత మిగిలింది?" అని అడగాలి. అడిగి, ఆ జవాబును నలుగురు పంచుకోవాలి.

అల్లాహ్ మన పిల్లలందరికీ ఆరోగ్యాన్ని, వారి తల్లిదండ్రులకు ఓర్పును, వారి పొరుగువారమైన మనకు వారిని గుర్తించే చూపును ప్రసాదించుగాక! ఆమీన్.